కడుక్కోని బొట్టు

తిరుపాలు మొహం కడుక్కుని ఐదు రోజులయింది.

మెడ దాకా చక్కగా స్నానం చేస్తాడు. అక్కడితో చెంబు దించేస్తాడు. రెండు కనుబొమల నడుమ నుంచి జుట్టు మొదలుదాకా నిలువుగా దిద్దిన ఎర్రబొట్టు చెదరకూడదు మరి. పడుకున్నా వెల్లకిలానే. పక్కకి తిరిగితే చాపకి అంటుకుంటుందేమోనని భయం.

పొద్దు వాలే వేళకి గురువుగారు పక్కీరయ్య తాత గుడిసె ముందుకి వచ్చి నిలబడితే, ఆయన చేతిలో నార వదలకుండానే తలెత్తి చూసేవాడు.

"మొహం కడుక్కో నాయనా."

"కడుక్కోకూడదు సామీ. కంటిన్యూటీ."

ఆ మాటకి అర్థం సినిమావాళ్ళు మొదటి రోజే చెప్పారు. ఈరోజు తీసిన యుద్ధానికి రేపు తీసే యుద్ధం అతుక్కోవాలంటే మొహం మీద పెట్టింది పెట్టినట్టే ఉండాలి. అది తిరుపాలు గురువుగారికి విడమరిచి చెప్పాడు. గురువుగారు "ఓహో" అని మళ్ళీ నార అందుకున్నాడు. మర్నాడు మళ్ళీ అదే మాట. "మొహం కడుక్కో నాయనా."

పక్కీరయ్య తాతకి ఆశ్రమం లేదు, కాషాయం లేదు. ఏటి ఒడ్డున ఒక గుడిసె, వాకిట్లో జనపనార మోపులు. ఎడ్లకి పలుపులు పేని సంతలో ఇస్తాడు. పేనేటప్పుడు తత్వాలు పాడతాడు. ఆ పాట కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి, శిష్యులుగా చేర్చుకోమని కాళ్ళు పట్టుకున్నవాళ్ళు చాలామందే. "ముందు తాడు పేనండి నాయనా" అనేవాడు. వారం తిరక్కుండా వెళ్ళిపోయేవాళ్ళు. మూడేళ్ళుగా నిలిచింది ఇద్దరే. ఏటికి ఇవతలి కోటపాడు నుంచి తిరుపాలు, అవతలి సింగవరం నుంచి మద్దిలేటి.

తాడు పేనడం ఒక్కడి వల్ల కాదు. ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు ఎదురెదురుగా నిలబడి, కర్రకి నార కట్టి తిప్పాలి. వీడు ఒక దిక్కుకి తిప్పితే వాడు దానికి ఎదురు దిక్కుకి తిప్పాలి. అప్పుడే పురి ఎక్కుతుంది. మధ్యలో గురువుగారు కూర్చుని, నార సర్దుతూ పాడుతుంటాడు. పాట వినడం అంటే వాళ్ళిద్దరికీ అదే.

అట్లాంటి చోటికి సినిమా వచ్చింది.

కోటపాడు గుట్ట మీద పాత కోట ఉంది. మూడొందల ఏళ్ళ కిందట కోట దొరకీ, సింగవరం దొరకీ యుద్ధం జరిగిందని చెప్పుకుంటారు. అదే కథ. తీయిస్తున్నది జిల్లాలో పేరు మోసిన ఒక పెద్దమనిషి. కోట దొర తన ముత్తాతకి ముత్తాత అని ఆయనకి ఈ మధ్యనే తెలిసిందట. ఎలక్షన్లు దగ్గరపడ్డాకనే ఎట్లా తెలిసిందో అని టీ కొట్టు నాగమయ్య నవ్వేవాడు.

యుద్ధానికి మనుషులు కావాలంటే రెండూళ్ళ కుర్రాళ్ళూ ఎగబడ్డారు. గుట్ట కింద వరసలో నిలబెట్టారు. ఏజెంటు చేత్తో గాలిని కోసినట్టు వరసని మధ్యకి కోసి, "ఇటువాళ్ళు కోట సైన్యం, అటువాళ్ళు సింగవరం సైన్యం" అన్నాడు. తిరుపాలు ఇటు పడ్డాడు. వాడి వెనకే నిలబడ్డ మద్దిలేటి అటు పడ్డాడు. అంతే. ఇటువాళ్ళకి ఎర్ర తలపాగా, నిలువు బొట్టు. అటువాళ్ళకి నల్ల తలపాగా, నుదుటి మీద అడ్డంగా మూడు మసి గీతలు.

"దయ్యంలా ఉండావురా" అన్నాడు తిరుపాలు నవ్వుతూ.

"నువ్వు గంగమ్మ జాతరలో పొట్టేలు మాదిరి ఉండావు" అన్నాడు మద్దిలేటి. ఇద్దరూ ఒకే పొట్లం విప్పుకుని బిర్యానీ తిన్నారు.

అది మొదటి రోజు.

రెండో రోజు హీరో వచ్చాడు. తెల్లగుర్రం ఎక్కి, కోట బురుజు ముందు నిలబడి, కత్తి ఏటివైపు చాచి గర్జించాడు.

"ఈ ఏరు దాటి వచ్చే ప్రతి అడుగూ నా తల్లి గుండెల మీద పడే అడుగు! ఆ అడుగుని నేలకి ఆననీయను!"

తిరుపాలుకి ఒళ్ళు జలదరించింది. అసలే మెత్తని మనసు వాడిది. సంతలో ఎవరో ముసలమ్మ ఏడుస్తుంటే ఎందుకని అడక్కుండానే కన్నీళ్ళు పెట్టుకునే రకం. వాన మబ్బు పడితే పని మానేసి చూస్తూ కూర్చునే రకం. అట్లాంటివాడి గుండెలో ఆ మాట వేడి వేడి సీసంలా దిగింది. హీరోగారు ఆ ఒక్క మాటనీ ఇరవైసార్లు చెప్పాడు. ఇరవైసార్లూ వాడి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆ తర్వాత సైనికులకి ఊపు రావాలని ఆ మాటనే మైకులో వేస్తూ ఉన్నారు.

ఇంటికి పోతుంటే ఏరు కొత్తగా కనిపించింది. ఇన్నేళ్ళూ గేదెల్ని కడిగిన ఏరు. ఆ పక్క గట్టు చూస్తే ఏదో కాచుకుని కూర్చున్నట్టుంది.

మూడో రోజు సాయంత్రం తాడు పేనేటప్పుడు, కర్ర తిప్పుతూ తిప్పుతూ అనేశాడు.

"మీ సింగవరమోళ్ళు దొంగదారిన కోటలోకి దూరినారంట గదరా."

ఆ చివర నుంచి మద్దిలేటి పకపకా నవ్వాడు. "మా అవ్వ చెప్పేది వేరేరా. మీ దొరే మావోళ్ళని పెండ్లి భోజనానికి పిలిచినాడంట. ఆకుల ముందర కూర్చున్నోళ్ళని కూర్చున్నట్టే నరికించినాడంట. పప్పులోకి నెయ్యి కూడా వెయ్యకముందే. మా అవ్వకి ఆ నెయ్యి సంగతి ఇప్పటికీ కోపమే."

మామూలుగా అయితే తిరుపాలు కడుపు పట్టుకుని నవ్వేవాడు. ఈసారి నవ్వలేదు.

"సినిమా వాళ్ళు పుస్తకాలు చదివి తీస్తారురా. మీ అవ్వ ఏం చదివింది?"

"ఏమీ చదవలేదు. అయినా ఆ రాసినాయన ఒక్కసారి మా అవ్వ దగ్గరికొచ్చి అడిగుంటే పోయేది గదా. ఆమె ఇంట్లోనే ఉంటాది."

తిరుపాలు కర్ర గిరగిరా తిరిగింది. తిరిగీ తిరిగీ, తాడు మెలికలు పడి, మధ్యలో టప్పున తెగింది.

గురువుగారి పాట ఆగింది. తెగిన రెండు కొసల్నీ దగ్గరికి తీసుకుని, కాసేపు చూశాడు.

"పురి ఎక్కువయింది" అని ముడి వేశాడు.

ఐదో రోజు పెద్ద యుద్ధం. ఫైటు మాస్టరు అందరినీ ఎదురెదురుగా నిలబెట్టి గొంతు పోయేలా చెప్పాడు. "మూడడుగులు పరిగెత్తాలి. కత్తి ఎత్తాలి. ఎదుటివాడికి జానెడు దూరంలో ఆపాలి. కత్తి ఆగాలి, అర్థమైందా? ఆగగానే వాడు పడిపోతాడు. వాడు పడటం వాడి పని, ఆపటం నీ పని."

కర్ర కత్తులే. కానీ మంచి బరువు.

తిరుపాలుకి ఎదురుగా మద్దిలేటి వచ్చి నిలబడ్డాడు. "మెల్లగా రా" అని కన్ను కొట్టాడు.

డప్పులు మోగాయి. పెద్ద ఫ్యాన్లు దుమ్ము లేపాయి. మైకులో హీరో గొంతు ఉరిమింది. ఈ ఏరు దాటి వచ్చే ప్రతి అడుగూ...

ఆ దుమ్ములో తిరుపాలుకి మద్దిలేటి కనబడలేదు. మూడు మసి గీతలు కనబడ్డాయి. వాడు పరిగెత్తాడు. కత్తి ఎత్తాడు.

కత్తి ఆగలేదు.

మద్దిలేటి చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండుపుల్ల విరిగినట్టు చప్పుడైంది. వాడు కింద పడి, మణికట్టు పొట్టలో దాచుకుని, "తిరుపాలూ, నేనురా" అన్నాడు. అరవలేదు. మామూలుగా తలుపు బయట నుంచి పిలిచినట్టే అన్నాడు.

"కట్! అదిరింది!" అని డైరెక్టరు కేక వేశాడు. "ఎవరయ్యా ఆ కుర్రాడు? ఆ కళ్ళు చూశారా? రేపు వాణ్ణి ముందు వరసలో పెట్టండి!"

మద్దిలేటిని జీపులో పట్నం ఆసుపత్రికి తీసుకుపోయి, ఎముక విరిగిందని పట్టీ వేయించి, సింగవరంలో దించేశారు.

ఆ సాయంత్రం తిరుపాలు గుడిసె ముందు చాలాసేపు నిలబడ్డాడు. వాకిట్లో తాడు సగం పేని ఉంది. ఒక కొస గురువుగారి కాలి బొటనవేలికి చుట్టి ఉంది. రెండో కొస దుమ్ములో పడి ఉంది. అటు చివర పట్టుకునేవాడు లేడు.

"సామీ, ఒక మాట అడగాల."

"అడుగు."

"టీ కొట్టు నాగమయ్య ఏమంటాడంటే, ఇదంతా ఓట్ల కోసమంట. మన నెత్తిన పగ రుద్దడానికే ఆ పెద్దాయన సినిమా తీస్తాండాడంట. ఫైటు మాస్టరేమో, ఊరుకోవయ్యా, మూడు గంటలు జనం ఈల వేసి ఇంటికి పోవడానికి తీసేదే సినిమా అంటాడు. ఏది నిజం సామీ? ఇది ఉత్త వినోదమా, ఎవరో మనకి పట్టించే మందా?"

గురువుగారు వాడి మొహంకేసి చూశాడు.

"ఏదైతే బాగుంటాది నీకు?"

తిరుపాలు తల దించుకున్నాడు. వినోదమే అయితే, ఆటలో దెబ్బ తగిలింది, అంతే. మందే అయితే, పట్టించినవాడిది తప్పు. ఏదైనా పరవాలేదు వాడికి. రెండింటిలో ఏదో ఒకటి గురువుగారి నోటి నుంచి వస్తే చాలు, ఈ రాత్రికి నిద్ర పడుతుంది.

గురువుగారు ఏదీ అనలేదు. "మొహం కడుక్కో నాయనా" అన్నాడు.

తిరుపాలు చెయ్యి నుదుటిదాకా పోయింది. అక్కడ ఆగింది.

"రేపు ముందు వరసలో నిలబెడతారంట సామీ."

చెప్పేశాక సిగ్గుపడ్డాడు. కానీ చెప్పకుండా ఉండలేకపోయాడు. ముందు వరసంటే హీరో గుర్రం పక్కనే.

"ఎన్ని గంటలకి?" అని అడిగాడు గురువుగారు.

"ఆరింటికి రమ్మన్నారు."

"ఓహో" అన్నాడు గురువుగారు.

మర్నాడు పొద్దున్నే గుట్ట కింద నల్ల తలపాగాల వరసలో నవ్వులు వినపడ్డాయి. తిరుపాలు మెడ చాచి చూశాడు. మోకాళ్ళ దాకా పంచె, ఛాతీ మీద తెల్లగడ్డం. పక్కీరయ్య తాత వరసలో నిలబడి ఉన్నాడు.

"తాతా, దారి తప్పొచ్చావా?" అన్నాడు ఏజెంటు.

"మీకు ఒక మనిషి తగ్గినాడంట గదప్పా. వాడి బదులు నేను నిలబడతా."

"యుద్ధం ఇది. చావడం వచ్చా నీకు?"

"ఇన్నేళ్ళుగా అదే నేర్చుకుంటాండా."

ఏజెంటుకి నవ్వొచ్చింది. డైరెక్టరుకి ఆ గడ్డం నచ్చింది. మేకప్పు మనిషి వచ్చి తాత నుదుటి మీద మూడు మసి గీతలు లాగాడు. "కడుక్కోవద్దు తాతా" అని హెచ్చరించాడు. తాత బుద్ధిగా తల ఊపాడు.

మద్దిలేటి బదులు కదా అని ముందు వరసకే తెచ్చి నిలబెట్టారు. తిరుపాలుకి ఎదురుగా.

గురువుగారు కర్ర కత్తిని, తాడు తిప్పే కర్రని పట్టుకున్నట్టే పట్టుకుని నిలబడ్డాడు. కత్తి పట్టుకోవడం కూడా రాని మనిషి.

డప్పులు మోగాయి. దుమ్ము లేచింది. మైకులో అదే గొంతు ఉరిమింది. తిరుపాలు ఒంటి మీద వెంట్రుకలు అలవాటు చొప్పున లేచాయి. అందరితో పాటు వాడూ పరిగెత్తాడు. ఒకటి, రెండు, మూడు. కత్తి ఎత్తాడు. దుమ్ములోంచి మసి గీతలు పైకి తేలాయి. వాటి కింద రోజూ తనని చూసే కళ్ళే ఉన్నాయి.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే నిలిచిపోయింది.

చుట్టూ మనుషులు పడిపోతున్నారు. వీళ్ళిద్దరే నిటారుగా నిలబడి ఉన్నారు.

"కట్! ఎవడ్రా వాడు? కొట్టవేం?"

మళ్ళీ మొదటి నుంచి. మళ్ళీ డప్పులు, దుమ్ము, మైకు. మళ్ళీ మూడడుగులు. మళ్ళీ చెయ్యి గాల్లోనే.

"కొట్టు నాయనా, ఆటే గదా" అన్నాడు గురువుగారు మెల్లిగా.

"నా వల్ల కాదు సామీ."

"నా మొహం చూడు. నేను సింగవరమోణ్ణి."

తిరుపాలు చేతిలోంచి కత్తి జారి కింద పడింది.

"ఏమైందయ్యా వీడికి? నిన్న పులిలా ఉన్నాడు!" డైరెక్టరు తల పట్టుకున్నాడు. "తీసెయ్యండి. వేరేవాణ్ణి పెట్టండి."

ఎవరో వచ్చి వాడి తలపాగా ఊడదీసి, ఇంకో కుర్రాడి తలకి చుట్టారు. తిరుపాలు పోయి రాళ్ళ నీడలో కూర్చున్నాడు.

గురువుగారు మాత్రం వెళ్ళిపోలేదు. కొత్త కుర్రాడు కత్తి జానెడు దూరంలో ఆపడం, తాత కూలిపోవడం, మళ్ళీ లేచి దుమ్ము దులుపుకోవడం. ఎండలో నాలుగుసార్లు చచ్చాడు. నాలుగోసారి ఎంత నెమ్మదిగా, ఎంత పొందిగ్గా ఒరిగాడంటే, ఫైటు మాస్టరు కూడా చప్పట్లు కొట్టాడు. మధ్యాహ్నం ఇచ్చిన బిర్యానీ పొట్లం విప్పి కోట కుక్కలకి పెట్టాడు.

పొద్దు వాలేముందు గుడిసె దగ్గరికి వచ్చేసరికి తిరుపాలు నీళ్ళచెంబు పట్టుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు.

"సామీ, మొహం కడుక్కోండి."

"వద్దన్నారు నాయనా. రేపు మళ్ళా చావాలంట. కంటిన్యూటీ."

తిరుపాలుకి నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపుగా మారింది. చెంబు కింద పెట్టి, గురువుగారి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. గురువుగారు వాడి ఏడుపు అయ్యేదాకా నార చిక్కు తీస్తూ కూర్చున్నాడు.

"సామీ" అన్నాడు కాసేపటికి, "నిన్న నేనడిగిందానికి మీరింకా చెప్పలేదు."

"నిన్న పట్టుకున్న కత్తీ, ఈ రోజు పట్టుకున్న కత్తీ ఒకటే గదా?"

"ఒకటే సామీ."

"మైకులో మాట?"

"అదే మాట సామీ."

గురువుగారు సగం పేనిన తాడుని చుట్ట చుట్టి, వాడి భుజానికి తగిలించి, ఏటివైపు తిరిగి కూర్చుని పాట ఎత్తుకున్నాడు.

తిరుపాలు లేచాడు. ఏట్లో నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి. ఒక్కో అడుగే వేసుకుంటూ, సరిగ్గా నడిమికి పోయి ఆగాడు. దోసిలితో నీళ్ళు తీసుకుని మొహాన చల్లుకున్నాడు. ఐదు రోజుల బొట్టు ఒకంతట వదల్లేదు. ఇసుక తీసుకుని రుద్దాడు. ఎర్రగా నీళ్ళలో కలిసి, కాస్త దూరం పోయి, కనబడకుండా పోయింది.

మద్దిలేటి ఇల్లు సింగవరంలో మొదటి ఇల్లే. వాకిట్లో అవ్వ వేరుశనక్కాయలు వలుస్తూ ఉంది. నులకమంచం మీద మద్దిలేటి కూర్చుని ఉన్నాడు. మోచేతిదాకా తెల్లపట్టీ, మెడకి గుడ్డతో వేలాడేసిన చెయ్యి.

అవ్వ కళ్ళు చికిలించి చూసింది.

"ఎవురూ, కోటపాడోడా? ఏమప్పా, మళ్ళా భోజనానికి పిల్చనీకి వచ్చినావా?"

తిరుపాలు గడప ఇవతలే ఆగిపోయాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ ఎటుపోయాయో తెలీదు. తడి మొహం, తడి పంచె, భుజాన తాడుచుట్ట. అంతే మిగిలాయి.

మద్దిలేటి వాడి నుదుటికేసి చూశాడు. రుద్దీ రుద్దీ అక్కడ తోలు కమిలి ఉంది.

"కడిగేసినావే" అన్నాడు. "కంటిన్యూటీ చెడిపోదారా?"

తిరుపాలు భుజాన తాడు దించి, చుట్ట విప్పాడు. ఒక కొస తన చేతిలో పెట్టుకుని, రెండో కొస పట్టుకుని ముందుకి చాచాడు.

"ఎడం చేత్తో తిప్పితే తాడు వంకరగా వస్తాది" అన్నాడు మద్దిలేటి.

"రానీ."

అవ్వ కాయలు వలవడం ఆపింది. అవతలి ఒడ్డు నుంచి గురువుగారి పాట వినపడుతోంది.

మద్దిలేటి ఎడమ చెయ్యి చాచాడు.